పుట్టినరోజు అనుకున్న శనివారం

రెండేళ్ళ క్రితం ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది సంచికలో నేనొక వ్యాసం రాశాను. వియత్నాం నుంచి వచ్చినవాళ్ళూ, కెన్యా నుంచి వచ్చినవాళ్ళూ ఈ అమెరికాలో ఎలా స్థిరపడ్డారన్నది విషయం. మొదటివాళ్ళు ఇంగ్లిష్ ముక్క రాకుండా వచ్చి ఇళ్ళూ షాపులూ కొనుక్కున్నారనీ, రెండోవాళ్ళు డిగ్రీలతో, చక్కటి ఇంగ్లిష్‌తో వచ్చి కూడా అద్దె అపార్ట్‌మెంట్లలోనే ఉండిపోయారనీ రాశాను. ఎందుకో కూడా నేనే తేల్చేశాను. వాళ్ళకి పొదుపు తెలుసు, వీళ్ళకి శనివారం పార్టీలు తెలుసు అన్నాను. చాలామంది ఫోన్ చేసి బాగా రాశావన్నారు.

బాగా రాయలేదు. మొన్న మే నెలలో మా అమ్మాయితో కలిసి ఫోర్ట్ స్మిత్ మీదుగా డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కి వెళ్ళివచ్చాక ఆ సంగతి తెలిసింది. అదేమీ పెద్ద యాత్ర కాదు. నగలకనీ, గుడికనీ, సినిమాకనీ మనలో సగంమంది ఆ దారిలో డాలస్ వెళ్ళొస్తూనే ఉంటారు. నేనూ చాలాసార్లు వెళ్ళాను. దారిలో ఎవరింటికీ వెళ్ళలేదు, అంతే.

బెంటన్‌విల్

కమావు ఆఫీసులో నా పక్క సీటు. ఇద్దరం కాంట్రాక్టర్లమే. మొదటిరోజు అతను లంచ్ డబ్బా తీస్తే లోపల తెల్లటి ముద్ద, పక్కన ఆకుకూర. "ఇది మా సంకటి కదా!" అన్నాను. మా అనంతపురం వైపు రాగులతో చేస్తారు, వాళ్ళు మొక్కజొన్న పిండితో చేస్తారు. ఉగాలి అంటారు. ఆ రోజు నుంచి మూడేళ్ళు కలిసే తిన్నాం. మా సాహితి, వాళ్ళ వాంబుయి ఒకే స్కూలు, ఒకే బస్సు. కెన్యాలోనూ పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు, పిల్లల పేరుతో పిలుస్తారు. కమావు భార్య నన్ను "బాబా సాహితి" అనేది. అంటే సాహితి వాళ్ళ నాన్న. మా అత్తగారు నన్ను పిలిచేది కూడా అలాగే.

ఒక శుక్రవారం కమావు, "రేపు చర్చి హాల్లో మా తమ్ముడి కోసం కలుస్తున్నాం, రా" అన్నాడు. వేరే ఇంట్లో సత్యనారాయణ వ్రతం చూసుకుని ఆలస్యంగా వెళ్ళాను. బల్ల మీద నవ్వుతున్న కుర్రాడి ఫొటో, చుట్టూ పూలు, ముందు కేకు. మైకు పట్టుకున్నాయన ఆ కేకుని వేలం వేస్తున్నాడు. పాడినవాడు మళ్ళీ తిరిగి ఇచ్చేస్తున్నాడు, దాన్నే మళ్ళీ వేలం వేస్తున్నారు. ఒకటే నవ్వులు. నేను కమావు భార్య దగ్గరికి వెళ్ళి హ్యాపీ బర్త్‌డే చెప్పాను. ఆమె ఒక్క క్షణం చూసి, "థాంక్యూ" అని నా చేతికి ప్లేటు ఇచ్చింది. అరగంట కూచుని వచ్చేశాను.

పది డాలర్ల కేకుని వందలు పోసి కొనే మనుషులని నేను వ్యాసంలో రాసింది ఆ సాయంత్రం గురించే. మన సంచికలో పిల్లల కోసం ఇంగ్లిష్ పేజీలుంటాయి కదా, వాటికి నా వ్యాసాన్ని సాహితి అనువదించింది. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. నాన్న రాసింది కాబట్టి నమ్మి చేసింది. వాంబుయికి గర్వంగా చూపించింది కూడా.

తర్వాత కమావు లంచ్ కారులో తినడం మొదలుపెట్టాడు. పని ఎక్కువేమో అనుకున్నాను. అతని భార్య ఒకసారి అంగడిలో ఎదురై "హలో మిస్టర్ మూర్తి" అంది. అదీ పట్టించుకోలేదు. కాంట్రాక్టు అయిపోయి వాళ్ళు ఆర్లింగ్టన్ వెళ్ళిపోయారు. వాంబుయి మా అమ్మాయితో మాట్లాడడం మానేసింది. ఎందుకో చెప్పలేదు. సాహితి పంపిన మెసేజ్‌లకి ఏడాదిపైన జవాబు లేదు.

ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం అది ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, వాంబుయి రిప్లై ఇచ్చింది."

"మంచిదేగా. ఏమంది?"

"నువ్వు రాసిన పార్టీ... అది పార్టీ కాదు అట. వాళ్ళ అంకుల్ చనిపోయాడు, కార్ యాక్సిడెంట్‌లో. బాడీని కెన్యా పంపడానికి మనీ కలెక్ట్ చేస్తున్నారు." ఫోన్ నా వైపు తిప్పింది. "కింద నా నేమ్ కూడా ఉంది నాన్నా. ట్రాన్స్‌లేటెడ్ బై సాహితి."

తన గదిలోకి వెళ్ళిపోయింది. పోట్లాడినా బాగుండేది.

కమావుకి ఫోన్ చేశాను. నేను చెప్పాల్సింది చెప్పాను. అంతా విని, "వచ్చే నెల మొదటి శనివారం ఇక్కడ ఒకామె కోసం కలుస్తున్నాం. నర్సు, చనిపోయింది. ఈసారి ముందే చెప్తున్నాను మూర్తీ" అన్నాడు.

సాహితికి చెప్తే, "నేను కూడా వస్తా. డ్రైవ్ నేనే చేస్తా" అంది. ఇంక వట్టి చేతుల్తో ఎలా వెళ్ళడం అన్నది సమస్య. "చావింటికి స్వీట్లేమిటండీ, ఎవరైనా వింటే నవ్వుతారు" అంది మా ఆవిడ సుజాత. "వాళ్ళు కేక్ ఆక్షన్ చేశారు కదా అమ్మా, మన గణేశ్ లడ్డూ లాగా," అంది సాహితి. నేనూ సుజాతా మొహమొహాలు చూసుకున్నాం. వినాయక చవితికి మన సంఘంలో లడ్డూ వేలం పాడేది ఎవరు? పోయినేడాది అంత పెట్టి పాడిందెవరు? ఆ ఫొటో సంచికలో వేసింది నేనే. దాన్ని భక్తి అన్నాను, వాళ్ళ కేకుని దుబారా అన్నాను.

సుజాత లేచి బూందీకి పిండి కలిపింది.

ఫోర్ట్ స్మిత్

నా వ్యాసంలో వియత్నాం వాళ్ళకి ఉదాహరణగా రాసింది లాన్‌ని. సుజాత వెళ్ళే నెయిల్ సెలూన్ ఆమెదే. మేం డాలస్ వెళ్తున్నామని తెలిసి, "శుక్రవారం మా నాన్న పోయిన రోజు. ఫోర్ట్ స్మిత్‌లో మా అన్నయ్య ఇంట్లో చేస్తాం. భోజనం చేసి వెళ్ళండి" అంది.

చిన్న ఇటుకల ఇల్లు. వెనక పెరట్లో కాకర పందిరి. లోపల గోడవారగా బల్ల మీద వాళ్ళ నాన్నగారి ఫొటో, అగరొత్తులు, పళ్ళు. భోజనాల బల్ల దగ్గర ఆయనకొక కుర్చీ వదిలిపెట్టారు. ముందు ఆయనకి వడ్డించి, అగరొత్తి కాలేదాకా అందరం నిలబడ్డాం.

"ఇది మన తద్దినమే" అన్నాను సాహితి చెవిలో.

"తద్దినం అంటే?"

సిగ్గేసింది. మా నాన్నకి పెడుతున్నట్టు ఈ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. గుడిలో పంతులుగారికి స్వయంపాకం ఇచ్చి ఆఫీసుకి వెళ్ళిపోతాను.

ముఖ్యమైన వంట కాకరకాయ పులుసు. కాయలో కూరి, పల్చటి రసంలో ఉడికిస్తారు. మా ఇంట్లోనూ తద్దినానికి కాకరకాయ ఉండాల్సిందే అంటే లాన్ కళ్ళు పెద్దవి చేసింది. "మీకు టోఫు కూరాను. మా నాన్నకి మాత్రం పంది మాంసమే. చచ్చిపోయాక శాకాహారి అయిపోయాడంటే ఒప్పుకోడు" అంది.

లాన్ అన్నయ్య తువాన్‌కి అరవై ఉంటాయి. ఇంట్లో అందరూ పుల్లలతో తింటుంటే ఆయన చెంచాతో తింటున్నాడు. కాసేపటికి గమనించాను, ఆయన వేళ్ళు ముడుచుకోవు. కోళ్ళ ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చలిగదిలో కత్తి పట్టుకున్న చేతులు.

భోజనం మధ్యలో నా వ్యాసం సంగతి లాన్‌కి చెప్పాను. ఆమె గురించి మంచిగానే రాశాను కాబట్టి ఆమె దగ్గర నాకు భయం లేదు.

"నన్ను మెచ్చుకున్నావు, సరే. మా అన్నయ్యని ఎందుకు రాయలేదు?" అంది. "నా షాపు ఎలా వచ్చిందనుకున్నావు? ఈయన జీతంతో పదిమందిలో చీటీ వేశాడు. ఆ చీటీ పాడి నాకు షాపు పెట్టించాడు. ఈయన మటుకు రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు."

"నాకు తెలియదు."

"అడగలేదుగా. సరే, మీ కెన్యా ఆయన ఎలా వచ్చాడు?"

"చదువుకోడానికి. స్టూడెంట్ వీసా మీద. ఒక్కడే."

"మేం ఎనిమిదిమందిమి శరణార్థులుగా వచ్చాం, మా బామ్మతో సహా. ఇక్కడే ఊరి బయట సైన్యం వాళ్ళ క్యాంపులో దిగాం. రాగానే పని చేసుకోవచ్చని కాగితాలిచ్చారు. చర్చి వాళ్ళు ఇల్లు చూపించారు, మంచాలిచ్చారు. ఆయనకి ఎవరిచ్చారు మంచం?"

అసలు నాకెవరిచ్చారు? కంపెనీ వీసా ఇచ్చింది, టికెట్టు కొంది, నెలరోజులు హోటల్లో పెట్టింది. ఇద్దర్నీ పోల్చి తూచినవాడిని, నేను ఎలా వచ్చానన్న సంగతి వ్యాసంలో ఎక్కడా రాయలేదు.

"మాలోనూ చదువు ఆగిపోయినవాళ్ళున్నారు, పేకాటలో షాపులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు" అంది లాన్, మా అమ్మాయికి ఇంకో కాకరకాయ వడ్డిస్తూ. "వాళ్ళనీ రాయి. ఎప్పుడూ మంచివాళ్ళుగా ఉండడం మాకూ కష్టమే."

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున బయల్దేరబోతుంటే తువాన్ తన ట్రక్కు వెనకాల రమ్మని సైగ చేశాడు. శ్మశానానికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న సమాధి మీద నల్లరాయి, దాని మీద రెండు భాషల్లో పేరు. పక్కనే ఖాళీ గడ్డి. బూటుతో చూపించి, "ఇది మా అమ్మది. ఇది నాది. కొనేశాం" అన్నాడు తృప్తిగా, పెరట్లో కొత్త గది కట్టబోయే చోటు చూపించినట్టు. "చాలాకాలం మాకు వెనక్కి వెళ్ళే వీలే లేదు. అందుకని నాన్నని ఇక్కడే పెట్టుకున్నాం. నాన్న ఇక్కడుంటే ఇంక మేమెక్కడికి పోతాం?"

టెక్సస్ దారిలో

ఓక్లహామా దాటి టెక్సస్‌లోకి వచ్చిన కాసేపటికే వెనక ఎర్రలైటూ నీలంలైటూ. సాహితి స్పీడు పెంచింది, నేను లడ్డూ ఉన్న డబ్బా జారకుండా పట్టుకునే పనిలో ఉండి చూసుకోలేదు. ఆఫీసర్ కిటికీ దగ్గరికి వచ్చి కాగితాలడిగాడు. సాహితి కంగారుగా వెనకసీట్లో బ్యాగు లాగి, అందులో చేతులు పెట్టి వెతికింది. నేను డాష్‌బోర్డు అర తెరిచి వెతికాను. కింద పడ్డ కాగితాలు ఆయనే ఏరి ఇచ్చాడు. డబ్బా వైపు చూసి ఏమిటన్నాడు. స్వీటన్నాం. హెచ్చరించి, జాగ్రత్తగా వెళ్ళమని వదిలేశాడు.

"హీ వాజ్ సో నైస్!" అని దారి పొడుగునా నవ్వింది సాహితి.

ఆర్లింగ్టన్

హాలు దొరకబుచ్చుకునేసరికి మధ్యాహ్నం. గుమ్మంలో కమావు ఉన్నాడు. కాస్త బరువు తగ్గాడు. చెయ్యి కలిపాడు, వదల్లేదు, నవ్వనూ లేదు. వెనకనుంచి భార్య వచ్చి, "రండి మిస్టర్ మూర్తి, ప్రయాణం బాగా జరిగిందా?" అంది. మర్యాదకి లోటు లేదు. దానికన్నా గుమ్మంలోంచే పంపించేస్తే తేలికగా ఉండేది.

వాంబుయి వంటగదిలో ఉంది. సాహితిని చూసింది. పలకరించలేదు. పీట మీద చపాతీలు చేస్తున్నదల్లా ఇంకో అప్పడాల కర్ర తీసి బల్ల అవతల పెట్టింది. మా అమ్మాయి చేతులు కడుక్కుని వెళ్ళి నిలబడింది. కెన్యావాళ్ళకి చపాతీ, పాలు కలిపిన చాయ్ మన దేశం నుంచి వెళ్ళినవే. అయితే వాళ్ళ చపాతీ పొరలు పొరలుగా, మన పరోటాకి దగ్గరగా ఉంటుంది.

మాట కలపడానికి కమావుకి పోలీసు సంగతి చెప్పాను, నవ్వుతాడని. అతను వంటగది వైపు తిరిగి, "సాహితీ, నువ్వు బ్యాగులో చెయ్యి పెట్టావా?" అన్నాడు.

"అవును అంకుల్. ఇన్సూరెన్స్ కార్డ్ అందులో ఉంది."

వాంబుయి కర్ర ఆపింది. "మా డాడ్ నాకు డ్రైవింగ్ నేర్పిన మొదటిరోజు కారు స్టార్ట్ చెయ్యలేదు. పోలీసు ఆపితే, తుపాకీ తీస్తున్నాననుకోకుండా చేతులు స్టీరింగ్ మీద ఎలా పెట్టి ఉంచాలో నేర్పాడు, అంతే" అంది. ఏడాదిన్నర తర్వాత మా అమ్మాయితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

కాసేపయ్యాక వాంబుయి సాహితి చేసిన చపాతీ వైపు చూసి, "అదేంటి, మీ ఆర్కన్సా మ్యాపా?" అంది.

"షటప్" అంది సాహితి, ముక్కు ఎగబీలుస్తూ.

నేను హాల్లోకి వచ్చేశాను.

బల్ల మీద ఫొటోలో నర్సు దుస్తుల్లో నలభై ఏళ్ళావిడ. ఈసారి ఆమె పేరు అడిగాను. కమావు చెప్పి, "నాకూ నిన్ననే తెలిసింది" అన్నాడు. "మా వైపు మనిషి కాదు. ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ ఒక్కతే ఉండేది, పిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గర."

"తెలియని మనిషికి కూడా ఇస్తారా?"

"పరాయి మట్టిలో వదిలెయ్యలేం మూర్తీ. వాళ్ళమ్మ చూడాలి కదా. నెలలో రెండు శనివారాలు ఎవరో ఒకరు ఉంటారు. ఇది కాక అక్కడున్న ఇంకో తమ్ముడి పిల్లల ఫీజులు, మా అమ్మ మందులు. మా ఇంటి డౌన్ పేమెంట్ ఎక్కడికి పోయిందంటావా? విమానం కార్గోలో పోయింది, వాయిదాల మీద." అని తనే నవ్వాడు. "పొదుపు తెలియదని రాశావు. మేం కూడబెట్టేది ఇక్కడ నీకు కనపడదు. ఊళ్ళో అమ్మకి ఇల్లు కట్టాను. నువ్వు అక్కడికి వచ్చి చూస్తే తప్ప నన్ను లెక్కలోకి తీసుకోలేవు."

తువాన్ బూటుతో చూపించిన గడ్డి గుర్తొచ్చింది. ఆయన తనవాళ్ళని పెట్టుకున్న చోటే సంపాదన పెట్టాడు. కమావూ అంతే చేశాడు. అతనివాళ్ళు వేరేచోట ఉన్నారు. తేడా పొదుపులో ఉందని రెండు పేజీలు రాశాను నేను.

ప్రార్థన అయింది, పాట అయింది, భోజనాలు అయ్యాయి. ఉగాలి, ఆకుకూర, చిక్కుడుగింజలు. నా ప్లేటు పట్టుకుని వాంబుయి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"ఆ రోజు నేను మీకు హ్యాపీ బర్త్‌డే చెప్పాను" అన్నాను.

"చెప్పారు."

"మీరు థాంక్యూ అన్నారు. ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "మీరు మా ఇంటి మనిషిగా వచ్చారు. చేతిలో ప్లేటు లేదు. ముందు తిననీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. తినేసరికి మీరు వెళ్ళిపోయారు. సోమవారం ఆఫీసులో ఈయన చెప్తాడనుకున్నాను. ఈయనేమో, పాపం మూర్తి సిగ్గుపడతాడు, వదిలెయ్ అన్నాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీకు తెలియకపోవడం నాకు కోపం కాదు. నవ్వడం రాశారు. ఎందుకు నవ్వుతున్నారో ఒక్కరినైనా అడిగారా? ఏడిస్తే డబ్బు పోగవదు. నవ్వించాలి. మైకులో అంతమందిని నవ్వించినాయన ఇంటికెళ్ళి మూడు రోజులు అన్నం తినలేదు. ఆయనా మా మరిదీ ఒకే గదిలో ఉండేవాళ్ళు."

"నన్ను క్షమించండి."

"ముందు తినండి, చల్లారిపోతుంది" అంది.

తర్వాత వేలం. కేకు పాడారు, అరటిపళ్ళ గెల పాడారు. ఒక బక్కపల్చటి కుర్రాడు గెల పాడి మళ్ళీ తిరిగి ఇచ్చేస్తే, మైకాయన "ఇంటికి పట్టుకుపోతే నీ భార్య కొడుతుందా?" అని వేళాకోళం చేశాడు. అప్పుడు వంటగదిలోంచి సాహితి, వాంబుయి మా డబ్బా చెరోవైపు పట్టుకుని తెచ్చారు. మూత తీస్తే కొబ్బరికాయంత లడ్డూ. హాలంతా ఓహో అంది. మైకాయన దాన్ని వాసన చూసి, "ఎవరిది ఇది?" అన్నాడు.

కమావు భార్య లేచి నిలబడింది. "బాబా సాహితి తెచ్చాడు" అంది గట్టిగా. "బెంటన్‌విల్ నుంచి."

ఆ లడ్డూని ఏడుగురు పాడి తిరిగిచ్చారు. ఒకసారి నేనూ పాడాను. పాడి, తిరిగి బల్ల మీద పెట్టి, నవ్వాను. ఫొటోలో ఉన్నావిడ కూడా నవ్వుతూనే ఉంది.

మళ్ళీ బెంటన్‌విల్

తిరుగు ప్రయాణంలో సాహితి ఫోన్ ఆగకుండా మోగింది. కారు నేను నడిపాను.

ఈ కథనాన్ని పాత వ్యాసం వేసిన చోటే, అంతే పెద్దగా వెయ్యమని సంపాదకులని అడిగాను. ఒప్పుకున్నారు. ఇంగ్లిష్ పేజీకి ఈసారి ఇద్దరు కలిసి అనువదిస్తున్నారు, సాహితి ఇక్కడ, వాంబుయి ఆర్లింగ్టన్‌లో, ఫోన్లో ఒక్కో వాక్యం చదువుకుంటూ. నా వాక్యాలు కొన్ని కొట్టేశారట. పొడుగ్గా ఉన్నాయట. లాన్ ఆంటీ మాటలు మాత్రం ముట్టుకోలేదు.

వాంబుయి ఒకటి అడిగింది. "మా అంకుల్ పేరు మీ నాన్న ఎక్కడా రాయలేదు. రెండుసార్లూ రాయలేదు" అందట. నిజమే. ఇప్పటిదాకా ఈ కథనంలోనూ ఆయన నాకు ఫొటోలో కుర్రాడే.

ఆయన పేరు జొరోగె. ఇరవై ఎనిమిదేళ్ళు. ఇక్కడ పగలు చదువుకుంటూ, రాత్రిళ్ళు వృద్ధాశ్రమంలో పని చేసేవాడు. వాంబుయికి సైకిల్ నేర్పింది ఆయనే. ఇప్పుడు వాళ్ళమ్మగారింటి వెనక, టీ తోట అంచున ఉన్నాడు.

ఆయన పుట్టినరోజు ఆగస్టులో వస్తుందట. ఆ రోజు వాళ్ళింట్లో కేకు కోస్తారు. మమ్మల్ని రమ్మన్నారు.